అప్ప సమాధి కాడ

మాది శృంగవరపుకోట దగ్గర మాలపేట. మేం ఆర్సీయమ్ వాళ్లం. మా అప్పనిచ్చిన ఇల్లు బాప్తిస్టులది. పెళ్లికి ముందు అప్పని చెరువులో ముంచి మళ్లీ బాప్తిస్మం ఇచ్చారు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఫాదరుగారు నెత్తిన పోసిన నీళ్లు చెల్లవన్నారు. "ఒక్క దేవుడికి రెండుసార్లు పుట్టాలేటి?" అని మా అమ్మ ఏడ్చింది.

ఆనాటి నించి బావా నేనూ కలిస్తే తగువే. "బొమ్మలకి మొక్కుతారు" అని ఆయన. "మీది నిన్నమొన్నటి మతం" అని నేను. క్రిస్మస్ కూడు కాడ కూడా వాక్యాలు విసురుకునేవాళ్లం.

చదువుకున్నాక తెలిసింది ఈ తగువు వయసెంతో. లూథరుకీ పోపుకీ 1517లో యూరపులో మొదలైంది. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. 1846లో సవాయ్ నించి మా ఫాదర్లు వచ్చారు. కాకినాడలో థామస్ గేబ్రియల్ అనే తెలుగువాడు టెలిగ్రాఫ్ ఉద్యోగం ఒదులుకుని మొదలెట్టిన పనిని 1874లో కెనడా బాప్తిస్టులు అందుకున్నారు. అలా ఆ తగువు ఓడెక్కి మా పేటకొచ్చింది. కులం మటుకు అంతకు ముందునించే ఇక్కడుంది.

1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. మనకి మిగిలింది బి.సి.-సి, ఒక్క శాతం. ఆ కాగితం రాసినోడు జపమాల ఉందా అని మమ్మల్నీ అడగలేదు, ముంపు అయిందా అని బావనీ అడగలేదు. పేట పేరు చూసి వేరే గ్లాసులో టీ పోసినోడూ అడగలేదు.

అప్ప చచ్చిపోయిన రోజు జపమాల తీశాను. "సచ్చినోళ్లకి ప్రార్థన మా కాడ నేదురా" అన్నాడు బావ. నోటిదాకా తిట్టొచ్చింది. అప్ప మొహం చూసి మింగేశాను. "ఎందుకు నేదు బావా?" అని మొదటిసారి అడిగాను.

"మీ అప్ప ప్రభువు సేతిలో ఉంది. ఇంకా అడిగితే ఆయన్ని నమ్మనట్టు కాదేటి?" అన్నాడు.

ఇన్నేళ్లూ ఆ మాట నేను వినలేదు. వినాలనుకోలేదు కూడా. నా మాట నేనూ చెప్పాను. "ప్రేమ సావుతో ఆగిపోదు బావా. అందుకే అడుగుతాం. మరియమ్మనీ అంతే. ఇంట్లో పెద్దామెని మన తరఫున ఒక మాట సెప్పమన్నట్టు." ఆయన ఒప్పుకోలేదు. కానీ విన్నాడు. నా బైబిల్లో 73 పుస్తకాలు, ఆయన దాంట్లో 66. నూట ముప్పయ్యో కీర్తన రెంటిలోనూ ఉంది. సమాధి కాడ అది కలిసి చదివాం.

విద్యార్థులకి నేను చెప్పేదింతే. ఎదుటివాడి విశ్వాసం ఏంటో వాడి నోటే వినండి. మీ ఇంటి మరక ముందు మీరే చూపించండి. కేథలిక్ సంఘంలో కులవివక్ష ఉందని మా బిషప్పులే 2016లో దళిత విధానం రాసి ఒప్పుకున్నారు. అది నేను చెప్పాకే బావ తన సంఘం సంగతులు విప్పాడు. 1964లో వాటికన్ సభ ప్రొటెస్టెంట్లని వేరుపడ్డ సోదరులంది. మాకు ఆ చుట్టరికం పేటలోనే ఉంది, వాడుకోలేదు.

అప్పకి రెండోసారి ఇచ్చిన బాప్తిస్మం నాకిప్పటికీ మింగుడుపడదు. అదీ బావకి చెప్పాను. ఏటా ఆగస్టు 10న కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కలిసి నల్లదినం పాటిస్తారు. బావా నేనూ ఒకే నల్లగుడ్డ చింపి చెరో ముక్క కట్టుకుని పోతాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మళ్లీ మరియమ్మ గురించి వాదించుకుంటాం.