గుంటూరు కోటు: బట్ట పుట్టుక ప్రశ్న

కీలకపదాలు: కోటు, ఉన్ని, ఖద్దరు, చరఖా సంఘం, గొంగడి, గుంటూరు.

ఉపోద్ఘాతం:

బ్రాడీపేటలో కోటు కుట్టించుకోదలచినవారు బట్ట అంచు తిరగేసి చూస్తారు. సూటుబట్ట అంచున మిల్లు పేరు నేసి ఉంటుంది. ఆ ఉన్ని ఏ గొర్రెది, నూలు ఎవరు వడికారు, వారికి ఎంత ముట్టింది అన్నవి అక్కడ కనిపించవు. 'బాధ్యతాయుతమైన బట్ట' పేరుతో నేడు వినిపిస్తున్న ఈ ప్రశ్నలు పాశ్చాత్య విపణి నుంచి కొత్తగా వచ్చినవని భావిస్తుంటాం. గుంటూరు ప్రాంతం వీటిని ఖద్దరు రూపంలో నూరేళ్ల కిందటే ఎదుర్కొంది. మన సాహిత్య చరిత్రకారులు ఖద్దరును ఎక్కువగా దేశభక్తి చిహ్నంగానే చదివారు. కూలి కోణం నుంచి కోటు చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఉన్ని లేని నేల:

నెల్లూరు, ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో పెరిగే నెల్లూరు జాతి గొర్రెకు ఒంటినిండా పొట్టి వెంట్రుకలే, ఉన్ని రాదు. ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రె తెలంగాణ, రాయలసీమ మెట్టలది. తెలంగాణలో కురుమ స్త్రీలు వడికిన నల్లనూలుకు చింతగింజల గంజి పెట్టి మగ్గంపై గొంగడి నేస్తారు. ఆ ముతక నేత కాపరికి చలిలోనూ వానలోనూ అక్కరకు వచ్చింది గాని కోటుబట్ట కాలేదు. కనుక గుంటూరు వకీలుకు ఉన్నికోటు కావాలంటే బట్ట ఇంగ్లండు నుంచో, 1876లో కాన్పూరులో స్థాపితమైన లాల్ ఇమ్లీ వంటి మిల్లుల నుంచో రావలసిందే.

కోర్టుతోపాటు వదిలిన కోటు:

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘం 20 లక్షల చరఖాలను వాడుకలోకి తేవాలని తీర్మానించింది. డబ్లినులో బారిస్టరు చదివిన ఉన్నవ లక్ష్మీనారాయణ వంటివారు వృత్తి విడిచి ఉద్యమంలోకి వచ్చారు. వృత్తితోపాటు కోటు అవసరమూ తీరిపోయింది. బిగువైన కోటు నిలబడాలంటే లోపల కాన్వాసు, భుజాలకు మెత్తలు, అస్తరు ఉండాలి. ఖద్దరు జుబ్బాకు ఇవేవీ అక్కర్లేదు. చేతుల్లేని జవహరు కోటుకూ భుజాల మెత్తలతో పని లేదు. 1930లలో ఇటలీలోని నేపుల్స్ దర్జీలు కూడా మెత్తలు తీసివేసి కోటును తేలిక చేశారు. వారు తొడిగేవారి సుఖం చూశారు. ఇక్కడ మార్పుకు మూలం నూలు వడికే చేయి.

ఆ చేతికి ఎంత కూలి? 1925లో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం ఈ ప్రశ్నను నేరుగా తీసుకున్నది 1935లో. వడికేవారికి బతుకుకూలి దక్కాలని గాంధీ పట్టుబట్టారు. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు ఆయన కోరిన లెక్క. సంఘం అంత ఇవ్వలేకపోయినా కూలి పెంచింది. దానితో ఖద్దరు ధరా పెరిగింది. విదేశీ బట్టల దహనం గురించి మన పరిశోధనల్లో ఎంతో చర్చ ఉంది. ఖద్దరు చరిత్రలో అంతకంటే కీలకమైనది ఈ నిర్ణయమేనని నా అభిప్రాయం. ఎందుకంటే కొనేవారు తమ జేబులోంచి వడికేవారి కూలిని భరించవలసివచ్చింది.

కోటు తిరిగి రాక:

1954 జులైలో ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులో ఏర్పడింది. 1956లో హైదరాబాదుకు తరలే వరకు ఈ ఊరే నల్లకోట్లకు కేంద్రం. అదే 1956లో వచ్చిన ఖాదీ, గ్రామోద్యోగ కమిషన్ చట్టం పత్తి, పట్టులతోపాటు చేతితో వడికిన ఉన్నినీ ఖాదీ నిర్వచనంలో చేర్చింది. అంటే ఉన్నికోటు కూడా ఖద్దరే కావచ్చు. మన ఖద్దరు చర్చ మాత్రం పత్తిని దాటలేదు.

2016లో వెలువడిన రెస్పాన్సిబుల్ ఊల్ స్టాండర్డ్ గొర్రెల సంరక్షణతోనూ మేతభూమితోనూ మొదలవుతుంది. 1935 నిర్ణయం వడికేవారితో మొదలైంది. పత్తి పండించినవారు అప్పటి లెక్కలోకి రాలేదు. 1987-88లో తెల్లదోమతో పంట దెబ్బతిని గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆత్మహత్యలకు పాల్పడినది ఆ పత్తి రైతులే.