అసలు ఎక్కడుందో వెతకండి

2023 నవంబరులో నటి రష్మిక మందన్న లిఫ్టులోకి వస్తున్నట్టున్న చిన్న వీడియో ఒకటి దేశమంతా తిరిగింది. అందులో ఉన్నది ఆమె కాదు. వేరే యువతి అంతకు ముందు నెలలో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న వీడియోకు ఎవరో రష్మిక ముఖం తగిలించారు. ఆపి ఆపి చూస్తే మొదటి సెకనులోనే గుట్టు బయటపడుతుంది: లిఫ్టు తలుపు దగ్గర కనిపించేది ఆ యువతి సొంత ముఖమే, లోపల అడుగు పెట్టాక అది రష్మిక ముఖంగా మారిపోతుంది. ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో గుంటూరుకు చెందిన ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. నటి పేరుతో నడుపుతున్న అభిమానుల పేజీకి ఫాలోయర్లు పెరగాలనే చేశానన్నాడని పోలీసులు చెప్పారు.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన పీడ అని చాలామంది అనుకున్నారు. దీని వేళ్లు చాలా లోతున ఉన్నాయి.

ఫోటోగ్రఫీని పారిస్‌లో లోకానికి ప్రకటించింది 1839లో. ఆ మరుసటి ఏడాదే, తన పద్ధతికి ప్రభుత్వ గుర్తింపు దక్కలేదన్న బాధతో ఇపొలీత్ బయార్ అనే ఫ్రెంచివాడు తాను నీట మునిగి చనిపోయినట్టు ఫోటో తీసుకున్నాడు. 1860లలో బోస్టన్‌లో విలియం మమ్లర్ ఫోటో దిగినవారి వెనక వాళ్ల చనిపోయిన ఆప్తుల ఛాయలు కనిపించేలా చేసి సొమ్ము చేసుకున్నాడు. 1869లో న్యూయార్కులో అతనిపై మోసం కేసు నడిచింది, రుజువు చాలక వదిలేశారు. ఆ తర్వాత అబ్రహాం లింకన్ భార్య మేరీ సైతం అతని దగ్గరికి వెళ్లింది. భర్తనూ ముగ్గురు కొడుకులనూ పోగొట్టుకున్న ఆమెకు భుజాల మీద లింకన్ చేతులున్న ఫోటో దక్కింది. చూసేవాళ్ల కోరికో, కోపమో తలుపు తీస్తేనే నకిలీ లోపలికి వస్తుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇంగ్లండులోని కాటింగ్లీ ఊరి కథ. 1917లో వరసకు అక్కచెల్లెళ్లయిన ఎల్సీ, ఫ్రాన్సిస్ వాగు ఒడ్డున రెక్కల కన్యలతో ఫోటోలు తీసుకున్నారు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన ఆర్థర్ కోనన్ డాయిల్ అంతటివాడు 1920లో వాటిని నిజమని నమ్మి పత్రికకెక్కించాడు. గాజు పలకలను చూసిన నిపుణుడు వాటిలో మార్పులు చేసిన జాడ లేదన్నాడు. ఆ మాట తప్పు కాదు, ఫోటోలో మార్పేమీ లేదు మరి! కాగితం బొమ్మలు కత్తిరించి, టోపీ పిన్నులతో గుచ్చి నిలబెట్టారంతే. ఆ బొమ్మల భంగిమలు 1914లో అచ్చయిన ఒక పిల్లల పుస్తకంలో దొరికాయి. 1983లో, ముసలితనంలో, ఇద్దరూ బొమ్మల సంగతి ఒప్పుకున్నారు. ఫోటోను ఎంత పరీక్షించినా దొరకనిది మూలాన్ని వెతికితే దొరికింది.

ఫోటోనే మార్చడం కూడా పాతదే. సోవియట్ నేత స్టాలిన్ పక్కన నడిచిన అధికారి యెజోవ్‌ను చంపించాక ఫోటోలోంచి కూడా తుడిచేశారు. 1990లో ఫోటోషాప్ వచ్చి ఆ పనిని ఎవరైనా చేయగలిగేలా చేసింది. 2007లో 'యమదొంగ' సినిమాలో దివంగత నటుడు ఎన్టీఆర్‌ను గ్రాఫిక్స్‌తో మళ్లీ తెరమీద చూసి మనం చప్పట్లు కొట్టాం. అక్కడ మోసం లేదు, అది గ్రాఫిక్స్ అని అందరికీ తెలుసు.

2014లో మాంట్రియల్‌లో ఇయాన్ గుడ్‌ఫెలో బృందం ఒక కొత్త పద్ధతి చూపించింది. ఒక ప్రోగ్రాం బొమ్మలు తయారుచేస్తుంది, ఇంకొకటి అవి అసలో నకిలీయో తేలుస్తుంది. ఓడినప్పుడల్లా మొదటిది ఇంకాస్త నేర్చుకుంటుంది. అలా పట్టుకునేవాడితో పోటీపడుతూ నకిలీ తన నైపుణ్యం పెంచుకుంది. 2017 చివర రెడిట్‌లో 'డీప్‌ఫేక్స్' అనే మారుపేరుతో ఒకడు బయల్దేరాడు. ఆ పేరే ఈ విద్యకు నిలిచిపోయింది. అతని తరహా ముఖమార్పిడికి ఇద్దరి ఫోటోలూ కుప్పలుగా కావాలి. ముఖాన్ని కుదించి తల తిప్పిన తీరు, నోరు తెరిచిన తీరు, వెలుతురు పడ్డ తీరు పట్టుకునే భాగం ఇద్దరికీ ఒకటే. తిరిగి గీసే భాగాలు మాత్రం ఎవరికి వాళ్లవి. ఒకరి కదలికలను రెండోవారి ముఖం గీసే భాగానికి అప్పగిస్తే, మొదటివారి నవ్వు రెండోవారి ముఖం మీద పూస్తుంది.

ఆ రెడిట్ వ్యక్తి పెట్టినవి ఎక్కువగా హాలీవుడ్ నటీమణుల ముఖాలు తగిలించిన అశ్లీల వీడియోలు. రాజకీయ నాయకుల నకిలీ ప్రసంగాల గురించే మనం ఎక్కువ మాట్లాడుకుంటాం. కానీ 2019లో డీప్‌ట్రేస్ సంస్థ నెట్‌లో దొరికిన 14,678 నకిలీ వీడియోలను లెక్కిస్తే, అందులో 96 శాతం ఇలా అనుమతి లేకుండా చేసిన అశ్లీలమే. పుట్టిన రోజునుంచీ దీని గురి ఆడవాళ్ల మీదే ఉంది. ఆ మాట గట్టిగా చెప్పాలి.

నకిలీలను పట్టుకోవడానికి చేసిన ప్రయత్నాలకూ చరిత్ర ఉంది. 2018లో అల్బనీ విశ్వవిద్యాలయంలో సివై ల్యూ బృందం నకిలీ ముఖాలు రెప్ప సరిగా వాల్చడం లేదని కనిపెట్టింది. కళ్లు మూసుకుపోయిన ఫోటోలను నెట్‌లో పెట్టేవాళ్లు తక్కువ, అందుకే కంప్యూటర్‌కు రెప్పపాటు తెలియలేదు. ఎక్కువ కాలం పట్టకుండానే నకిలీలు రెప్పలు వాల్చడం నేర్చుకున్నాయి. కృత్రిమ మేధ (ఏఐ) గీసిన బొమ్మల్లోని ఆరు వేళ్ల చేతులూ అంతే, అవి కనిపించడం తగ్గిపోయింది. ఫేస్‌బుక్ పెట్టిన పోటీలో 2020లో గెలిచిన ప్రోగ్రాం కూడా తాను ముందు చూడని వీడియోల్లో 65 శాతమే సరిగా చెప్పగలిగింది. 2021లో అడోబ్, బీబీసీ, మైక్రోసాఫ్ట్ వంటివి కలిసి ఫోటోకు పుట్టుక వివరాలను జతచేసే పద్ధతి మొదలుపెట్టాయి. దారి మంచిదే, కానీ వాట్సాప్‌లో ఫార్వర్డయ్యేసరికి అలాంటి వివరాలు సాధారణంగా రాలిపోతాయి.

ఇంకో నష్టం హైదరాబాదులో చూశాం. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్లు నరికినప్పుడు, బుల్డోజర్ల ముందు పరుగెడుతున్న జింకలు, నెమళ్ల ఏఐ బొమ్మలు నిజమైన ఫోటోల్లో కలిసిపోయాయి. చెట్లు కొట్టింది నిజం. సుప్రీంకోర్టు ఆపమన్నదీ నిజమే. కానీ చర్చ బొమ్మల మీదికి మళ్లింది, పోలీసు నోటీసులూ వెళ్లాయి. న్యాయమైన కోపానికి నకిలీ బొమ్మ తోడైతే ఎదుటివాళ్లు నిజాన్ని కూడా నకిలీ అని తోసేయగలుగుతారు.

కాబట్టి వేళ్లు లెక్కపెట్టడం దగ్గరే ఆగకండి. వీడియోను ఆపి, ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. మొదట ఎవరు, ఎప్పుడు పెట్టారో చూడండి. తేలేదాకా ఫార్వర్డ్ చేయకండి. మీ ఇంటి ఆడపిల్లకే ఇలాంటిది జరిగితే ఆమెను నిలదీయకండి. లింకులు, స్క్రీన్‌షాట్లు భద్రపరిచి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, పేరు చెప్పకుండా కూడా చేయవచ్చు. నకిలీ గొంతో ముఖమో నమ్మి డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయండి.