బంతిలో వలపక్షం

‘పంక్తి’ అనే సంస్కృత శబ్దానికి వికృతి ‘బంతి’. బంతిభోజనంలో వడ్డించేవాడు ఒకరి విస్తట్లో నెయ్యి ధారగానూ, మరొకరి విస్తట్లో చుక్కగానూ వేస్తే దానిని ‘బంతిలో వలపక్షం’ అంటాం. ముప్పై ఏళ్ళకు పైగా ఈ జాతీయాన్ని పిల్లలకు వివరించాను. అసలు బంతిలోనే కూర్చోని వాణ్ణి ఏమనాలో మాత్రం ఏ నిఘంటువులోనూ వెతకలేదు. ఆ అవసరం నాకు దోర్నకల్లు దగ్గర కలిగింది.

వరంగల్లు నుంచి ఖమ్మం వైపు వెళ్ళే రైలులో మహబూబాబాదు, గార్ల దాటిన తరువాత వచ్చే జంక్షను దోర్నకల్లు. 2016 దాకా మా వరంగల్లు జిల్లాలోనిదే. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉంది. రైలు మారడానికి మాత్రమే ఆ ఊరు ఎరిగినవారు అక్కడి పెద్ద చర్చిని చూసి ఉండరు. స్తంభాలలో మన గుళ్ళ పోలిక, పైన గుమ్మటాలలో మసీదు పోలిక కలిసిన కట్టడం అది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దాని వెనుక ఉన్న మనిషి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

ఆయన తమిళుడు. 1874లో తిరునల్వేలి సీమలో జన్మించారు. అక్కడి క్రైస్తవులు 1903లో, పరదేశి ధనం మీద ఆధారపడకుండా తమ సొంత చందాలతో ఒక మిషనరీ సంఘాన్ని స్థాపించుకొని, నిజాం రాజ్యంలోని ఈ ప్రాంతానికి మనుషులను పంపారు. పంపినవారిలో ముఖ్యుడైన అజరయ్య 1909లో తానే తరలివచ్చి, తెలుగు నేర్చుకొని, ఇక్కడే స్థిరపడ్డారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ పదవి ఇచ్చారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే.

అంతకు రెండేళ్ళ ముందు, 1910 జూన్‌లో, ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులు వేయిమందికి పైబడి ఉంటే ఆసియావాసులు ఇరవైమంది లోపే. ఆ సభలో అజరయ్య లేచి, తెల్ల మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, మీరు మాకు అన్నీ ఇచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదు అన్నారు. కుర్చీ వేయడం, తేనీటికి పిలవడం వంటి మర్యాదలు తనకు వాటికవిగా అక్కరలేదనీ, అవి స్నేహానికి గుర్తులైతే అన్నీ కావాలనీ ఆయన మాటల సారాంశం. సభలో కొందరు నొచ్చుకున్నారు. ఎందుకు నొచ్చుకోరు? దానం చేసే చెయ్యి పైన ఉంటుంది. బంతిలో కూర్చుంటే అందరి చేతులూ విస్తళ్ళ మీదే కదా!

తెల్లవారి బల్ల దగ్గర అడిగిన ఆ ప్రశ్న దోర్నకల్లు పల్లెల్లోనూ ఎదురయింది. మాలలూ మాదిగలూ ఒకే బాప్తిస్మం పొందారు గాని ఒకచోట కూర్చొని తినడానికి వెనుకాడారు. సంఘంలో కులభేదం చెల్లదని అజరయ్య గట్టిగా పట్టుబట్టారు. అది పూర్తిగా పోయిందని నేను అనలేను. ఇది కొత్త జబ్బు కూడా కాదు. అంతియొకయలో అన్యజనులతో భోజనం చేస్తున్న పేతురు, తనవారు రాగానే లేచి వెనక్కి తగ్గాడనీ, అందుకు పౌలు ఎదుటనే నిలదీశాడనీ బైబిలే చెబుతుంది.

1980లలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాతోటి ఉపాధ్యాయుడొకరు దోర్నకల్లు దగ్గరి తమ పల్లెకు క్రిస్మస్‌కు పిలిచారు. వేదిక మీద అరగంట మాట్లాడాను. ఆతిథ్యం మీదనే, శ్లోకాలతో సహా. తరువాత ప్రేమవిందు. చాపలు పరిచి విస్తళ్ళు వేశారు. నాకు ఉపవాసమని అబద్ధమాడి, ఒక అరటిపండు చాలన్నాను. వడ్డిస్తున్న ముసలామె పండు నా చేతిలో పెట్టి, “మంచిది సారూ, పండుకు తొక్కుంటది గదా” అంది. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు.

తిరిగి వస్తూ మా మిత్రుడు ఒక సంగతి చెప్పాడు. అక్కడి ఆడవాళ్ళు ఎసట్లో పోసే ముందు ప్రతి పూటా పిడికెడు బియ్యం వేరే కుండలో తీసిపెట్టి, ఆదివారం చర్చికి తెస్తారు. అజరయ్య కాలంనుంచీ ఆ ప్రాంతపు సంఘాలకు అది ఆధారం. కూలి దొరకని రోజున కూడా ఆ పిడికెడు తగ్గదట. ఆనాటి విందులో వండింది ఆ బియ్యమేనట. ఊరంతా ఒకప్పుడు ఎంగిలి విస్తరి చూపినవారు, తమ నోటి దగ్గర తీసి నాకు వడ్డించబోయారు. నేను ఆయనకు ఏమీ బదులు చెప్పలేదు. రైలులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పదవీ విరమణ తరువాత అదే పల్లెకు కోతపండుగకు వెళ్ళాను, ఈసారి పిలవకుండానే. అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడు కనుక ఆ మాటకైనా న్యాయం జరిగింది. చర్చి ముందు వడ్లు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. వేలం అయ్యాక బంతి వేశారు. ముసలామె గురించి వాకబు చేశాను. పోయి చాలా ఏళ్ళయిందని, వడ్డిస్తున్న పిల్ల ఆమె మనవరాలేనని చెప్పారు. ఆ పిల్ల కూర గిన్నెతో వచ్చి, “ఇంకొంచెం ఏస్తనా సారూ?” అంది. వెయ్యమన్నాను.