తొలి కాన్పు ఆపరేషన్ అయితే మలి కాన్పు?

ఒకసారి సిజేరియన్ చేస్తే ఆ తల్లికి ఇక ఎప్పుడూ సిజేరియనే. ప్రసూతి వైద్యంలో ఇంత గట్టిగా నాటుకుపోయిన మాట మరొకటి లేదేమో. రాసినవారు ఎడ్విన్ క్రాగిన్, కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రసూతి శాస్త్ర ఆచార్యులు. 1916లో న్యూయార్క్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఆయన వ్యాసంలో ఆ మాట ఉంది. ఆ వ్యాసం రాసిందే ప్రసూతి వైద్యులు సంయమనం పాటించాలని చెప్పడానికి. తొలి కోత పెట్టేముందు బాగా ఆలోచించండి, దాని భారం తర్వాతి కాన్పులన్నిటి మీదా పడుతుందని తోటి వైద్యుల్ని ఆయన హెచ్చరించారు. తన దగ్గరికి వచ్చిన ఒకామె సిజేరియన్ తర్వాత ముగ్గురు పిల్లల్ని ఇబ్బంది లేకుండా కన్నదని కూడా అందులోనే చెప్పారు. లోకం ఆ హెచ్చరికనూ ఆ మినహాయింపునూ వదిలేసి ఒక్క వాక్యాన్ని మాత్రం పట్టుకుంది. మొదటి ఆపరేషన్‌ని ఆపడానికి పుట్టిన మాట రెండో ఆపరేషన్‌కి సాకయింది.

క్రాగిన్ కాలానికి ఆ మాటలో న్యాయం ఉంది. అది తెలియాలంటే అప్పటి కోత ఎలా ఉండేదో చూడాలి.

పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా సిజేరియన్ అంటే దాదాపు చావే. బిడ్డను తీశాక పొట్ట మీద చర్మాన్ని కుట్టేవారు గానీ గర్భసంచిని చాలామంది కుట్టకుండానే వదిలేసేవారు. కండరం ముడుచుకుని దానంతటదే మూసుకుంటుందనీ, దారం లోపల ఉంటే చీము పడుతుందనీ నమ్మకం. రక్తం కారో, చీము పట్టో తల్లి పోయేది. 1876లో ఇటలీలోని పావియాలో ఎదువార్దో పోర్రో ఈ చిక్కుకి ఒక కఠినమైన మార్గం కనిపెట్టాడు: బిడ్డను తీసి, గర్భసంచినే కోసి తీసేయడం. తల్లి బతికే అవకాశం పెరిగింది, కానీ మళ్లీ కాన్పు అనే ప్రశ్నే ఉండేది కాదు. 1882లో జర్మనీ వైద్యుడు మాక్స్ సెంగర్ గర్భసంచిని పొరలుగా, గట్టిగా కుట్టే పద్ధతిని ప్రచురించాడు. సిజేరియన్ అయిన తల్లి మళ్లీ గర్భవతి కావడమన్నది అక్కడినుంచే మామూలు సంగతి అయింది. మన ప్రశ్న కూడా అక్కడే పుట్టింది.

సెంగర్ కుట్టిన కోత గర్భసంచి పైభాగంలో నిలువుగా పడేది. నొప్పులు వచ్చినప్పుడు బిగుసుకుని బిడ్డను కిందికి నెట్టేది ఆ పైభాగమే. అక్కడ కండరం మందం, పని ఎక్కువ, మానినా గట్టిదనం తక్కువ. అలాంటి మచ్చ ఉన్న గర్భసంచి తర్వాతి కాన్పులో చిట్లే ప్రమాదం నూటికి నాలుగు నుంచి తొమ్మిది దాకా ఉంటుందని అంచనా. కొన్నిసార్లు నొప్పులు మొదలు కాకముందే చిట్లుతుంది. రక్తం ఎక్కించడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న, యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో గర్భసంచి చిట్లడమంటే ఇద్దరి ప్రాణాలూ పోయినట్టే. క్రాగిన్ రాసింది ఆ కోత గురించి.

ఆ కోత మారిపోయింది. 1881లోనే జర్మనీలో ఫెర్డినాండ్ కెహ్రర్ గర్భసంచి కిందిభాగంలో అడ్డంగా కోసి చూశాడు, కానీ అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1920లలో గ్లాస్గో వైద్యుడు మన్రో కెర్ ఆ అడ్డకోత కోసం పట్టుబట్టి వాదించాడు. కిందిభాగం పలుచన. నొప్పుల్లో అది బిగుసుకోదు, సాగుతుంది. రక్తం తక్కువ పోతుంది, మచ్చ బాగా మానుతుంది. ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి చాలా దేశాల్లో అడ్డకోతే మామూలు పద్ధతి అయిపోయింది. చిట్లే ప్రమాదం నూటికి ఒకటికన్నా దిగువకు పడిపోయింది.

కోత మారినా సూత్రం మారలేదు, కనీసం అమెరికాలో. బ్రిటన్, ఐర్లాండ్ వైద్యులు క్రాగిన్ మాటను అంతగా తలకెక్కించుకోలేదు. పాత కారణం మళ్లీ లేకపోతే నొప్పులు రానిచ్చి చూసేవారు. అమెరికాలో మాత్రం రెండోది కత్తి మీదే అన్నది నియమంగా నిలిచింది. అక్కడ 1970లో నూటికి 5 పైచిలుకు ఉన్న సిజేరియన్లు 1980కి 16 దాటాయి. ఆ ఏడాది అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు ఒక నిపుణుల సదస్సు పెట్టి ఎందుకు పెరుగుతున్నాయని ఆరా తీస్తే, పెరుగుదలలో పెద్ద వాటా 'పోయినసారి సిజేరియన్ కాబట్టి' చేసినవే అని తేలింది. అడ్డకోత పడిన తల్లికి మామూలు కాన్పుకు అవకాశం ఇవ్వవచ్చని సదస్సు చెప్పింది. తల్లులు అప్పటికే ఊరుకోవడం లేదు. 1983లో నాన్సీ వైనర్ కోహెన్, లోయిస్ ఎస్ట్నర్ కలిసి రాసిన 'సైలెంట్ నైఫ్' పుస్తకం చేతులు మారుతూ చాలామందికి చేరింది. సిజేరియన్ తర్వాతి మామూలు కాన్పుకు ఇవాళ మన డాక్టర్లు కూడా వాడే 'వీబ్యాక్' అనే పొట్టి పేరును ప్రచారంలోకి తెచ్చిందీ ఈ ఉద్యమమే.

ఆ తర్వాతి పదిహేనేళ్లు ఉత్సాహం పొంగిన కాలం. కాలిఫోర్నియాలోని కైజర్ ఆసుపత్రుల్లో బ్రూస్ ఫ్లామ్, ఆయన సహచరులు వేలాది కాన్పుల లెక్కలు బయటపెట్టారు. ప్రయత్నించినవారిలో దాదాపు నలుగురిలో ముగ్గురికి మామూలు కాన్పు అయింది. 1996 నాటికి అమెరికాలో పాత సిజేరియన్ ఉన్న తల్లుల్లో నూటికి 28 మంది మామూలుగా కన్నారు. అక్కడ అంతకుముందూ లేదు, ఆ తర్వాతా రాలేదు ఆ అంకె.

మంచి ఆలోచన చెడు దారి పట్టిందీ ఆ రోజుల్లోనే. మామూలు కాన్పు చవక అని బీమా సంస్థలు గ్రహించాయి. కొన్నిచోట్ల తల్లికి ఇష్టం ఉన్నా లేకున్నా నొప్పులు పడి చూడాల్సిందే అన్నాయి. పాత కోత ఎలాంటిదో చూడకుండా, థియేటర్ సిద్ధంగా ఉందో లేదో చూడకుండా ప్రయత్నాలు జరిగాయి. నొప్పులు రావడానికి మిసోప్రోస్టాల్ లాంటి మందులు కూడా వాడారు. గర్భసంచులు చిట్లాయి, కోర్టు కేసులు పడ్డాయి. తల్లిని అడగకుండా రెండో కోత పెట్టడం ఎంత తప్పో, తల్లిని అడగకుండా నొప్పులకు వదిలేయడమూ అంతే తప్పు. రెండింట్లోనూ నిర్ణయం ఆమెది కాదు.

1999లో అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ నియమాన్ని బిగించింది: ఆపరేషన్ చేయగల డాక్టర్, మత్తు డాక్టర్ తక్షణం అందుబాటులో ఉంటేనే ప్రయత్నించాలి. వినడానికి సబబే. కానీ రాత్రంతా మత్తు డాక్టర్‌ని ఉంచుకోలేని చిన్న ఆసుపత్రులు తలుపులు మూసేశాయి. దాదాపు 30 శాతం ఆసుపత్రులు ఈ సేవే మానేశాయని తర్వాత తేలింది. 2001లో వాషింగ్టన్ రాష్ట్రంలో 20 వేలమంది తల్లుల రికార్డుల ఆధారంగా మోనా లిడన్-రోషెల్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. నొప్పులు వాటంతటవే వచ్చినవారిలో వెయ్యికి 5 చొప్పున గర్భసంచి చిట్లితే, మిసోప్రోస్టాల్ కోవకు చెందిన ప్రోస్టాగ్లాండిన్ మందులతో నొప్పులు తెప్పించినవారిలో వెయ్యికి 24 చొప్పున చిట్లింది. చదివినవాళ్లకు ఇది మందుల మీద హెచ్చరిక. పత్రికల శీర్షికలు చూసినవాళ్లకు మాత్రం మామూలు కాన్పే ప్రమాదమన్నట్టు వినపడింది. పదేళ్లు తిరక్కుండానే 28 శాతం కాస్తా తొమ్మిది లోపుకు దిగింది.

అసలైన కొలత 2004లో వచ్చింది. మార్క్ లాండన్ నాయకత్వంలో అమెరికాలోని పెద్ద బోధనాసుపత్రులు నొప్పులు పడి చూసిన దాదాపు 18 వేలమందినీ, ముందే తేదీ పెట్టుకుని కోత చేయించుకున్న దాదాపు 16 వేలమందినీ ఒకే పద్ధతిలో గమనించాయి. ప్రయత్నించినవారిలో 73 శాతం మందికి మామూలు కాన్పయింది. గర్భసంచి చిట్లింది వెయ్యికి ఏడుగురికి. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న బిడ్డలు పన్నెండు మంది, అందరూ నొప్పులు పడి చూసిన తల్లుల బిడ్డలే. ప్రమాదం చిన్నదే, కానీ అది నిజమైనది. ఆ పన్నెండు ఇళ్లలో దాన్ని చిన్నదని ఎవరూ అనలేరు.

2010లో మళ్లీ సదస్సు పెట్టి రెండు వైపులా లెక్క తీశారు. నొప్పులు పడి చూసే దారిలో తల్లి మరణాలు లక్షకు 4, తేదీ పెట్టుకుని మళ్లీ కోయించుకునే దారిలో లక్షకు 13. తల్లి వైపు నుంచి చూస్తే మామూలు కాన్పుది పైచేయి, బిడ్డ వైపు నుంచి చూస్తే తేదీ పెట్టిన కోతకు కొంచెం మొగ్గు. అదే ఏడాది వైద్యుల కాలేజీ పట్టు సడలించింది: ఒక అడ్డకోత ఉన్న చాలామంది ప్రయత్నించవచ్చు, వారికి ఈ సంగతి చెప్పాలి. ఎవరికి కుదురుతుందో అంచనా వేయడానికి 2007లో విలియం గ్రోబ్‌మన్ బృందం ఒక లెక్కింపు పద్ధతి తయారుచేసింది. తల్లి నల్లజాతి అయినా, హిస్పానిక్ అయినా అందులో అవకాశం తగ్గించి చూపేది. విమర్శలు వచ్చాక 2021లో జాతిని తీసేసి కొత్తది తెచ్చారు. ఒంటి రంగును బట్టి తల్లి అవకాశాన్ని తగ్గించడం పద్నాలుగేళ్లు సాగిందంటే బాధేస్తుంది.

ఈ వాదన అంతా రెండో కాన్పు చుట్టే తిరిగింది. అసలు ధర కనపడేది మూడు, నాలుగు కాన్పుల్లో. ప్రతి కోత ఒక మచ్చ వదులుతుంది. తర్వాతి గర్భంలో మాయ కిందికి దిగి ఆ మచ్చ మీదే కూర్చుంటే, లోపలి కండరంలోకి వేళ్లు దిగేసి కాన్పయ్యాక ఊడిరాదు. లాగితే నెత్తురు వరద. చాలాసార్లు గర్భసంచే తీసేయాలి. 2006లో రాబర్ట్ సిల్వర్ బృందం 30 వేల సిజేరియన్లను పరిశీలించింది. మాయ కిందికి ఉన్న తల్లుల్లో అది ఇలా అతుక్కుపోవడం తొలి సిజేరియన్‌లో నూటికి 3, రెండోసారి 11, మూడోసారి 40.

ఇప్పుడు మన గడప. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి జరిగిన 1992-93లో దేశంలో సిజేరియన్లు 3 శాతానికి లోపు. 2019-21 సర్వేలో దేశ సగటు 21.5. ఆంధ్రప్రదేశ్ 42.4, తెలంగాణ 60.7. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5. అంటే సిజేరియన్ తర్వాత ఎలా కనాలన్నది తెలంగాణలో సగానికి పైగా తల్లుల రెండో కాన్పు ప్రశ్న. పంచాంగం చూసి ముహూర్తం పెట్టించుకుని కోయించుకోవడం మన దగ్గర ఎవరికీ వింత కాదు. ఆ శుభఘడియ ఖరీదు మాత్రం ఆ అమ్మాయి రెండో గర్భంలో కట్టాల్సి వస్తుంది. ఈ సంగతి ముహూర్తం పెట్టేటప్పుడు ఆమెకు ఎవరూ చెప్పరు.

ఆశ లేకపోలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. నొప్పులు పడుతున్న మనిషి పక్కన గంటల తరబడి కూర్చునే చేతులుంటే తొలి కోతలే తగ్గుతాయి. క్రాగిన్ కోరుకున్నదీ అదే.

అయితే మామూలు కాన్పు ఎవరికి కుదురుతుంది? గర్భసంచి కిందిభాగంలో అడ్డకోత ఉండాలి, అదీ ఒకటే అయితే మేలు. మాయ కోతను కప్పకూడదు. బిడ్డ తల కిందికి తిరిగి ఉంటే మేలు. పోయినసారి కాన్పుకీ ఇప్పటి కాన్పుకీ మధ్య కనీసం ఏడాదిన్నర ఎడం ఉంటే మంచిది, అంతకన్నా తక్కువైతే కుట్లు చిట్లే ప్రమాదం పెరుగుతుంది. తొలిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందనో, గుండె చప్పుడు తగ్గిందనో కోసి ఉంటే ఈసారి అవకాశం బాగుంటుంది. నొప్పులు వచ్చినా బిడ్డ దిగక కోసి ఉంటే కొంచెం తగ్గుతుంది. అంతకుముందో తర్వాతో ఒక్కసారైనా మామూలు కాన్పు అయి ఉంటే నూటికి 85 నుంచి 90 మందికి కుదురుతుందని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ అంటుంది. నిలువు కోత ఉన్నవారూ, ఒకసారి గర్భసంచి చిట్లినవారూ ప్రయత్నించకూడదు. ప్రయత్నించే నలుగురిలో ఒకరికి చివరికి ఆపరేషనే అవుతుంది. ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వారికే వస్తాయి కనుక ఇది ముందే తెలిసి ఉండాలి.

ప్రయత్నం జరిగే గది ఎలా ఉండాలో కూడా తెలుసుకోవాలి. చేతికి సెలైన్ సూది పెట్టి ఉంటుంది, రక్తం గ్రూపు చూసి మ్యాచింగ్ చేయించి ఉంటారు. పొట్టకు కట్టిన బెల్టు బిడ్డ గుండె చప్పుడును ఆగకుండా కాగితం మీద గీస్తుంది. గర్భసంచి చిట్లుతుంటే చాలాసార్లు ముందు తెలిసేది ఆ గీత కిందికి పడిపోవడంతోనే. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పాత కుట్ల దగ్గర పోటు తగ్గకపోయినా, దిగిన తల మళ్లీ పైకి వెళ్లినా ఆగకూడదు. నిమిషాల్లో థియేటర్‌కి మార్చాలి. రాత్రి రెండు గంటలకు మత్తు డాక్టర్ ఫోన్ చేస్తే వస్తారు అనే చోట ఇది పెట్టుకోవడం తగదు. ఇంట్లో అసలే తగదు. ఏడో నెలలోనే ఈ ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి. విసుక్కోకుండా జవాబు చెప్పే డాక్టర్ దొరకడమే సగం బలం.

ఇంతకీ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, పోయినసారి గర్భసంచి మీద కోత ఎలా పెట్టారని. పొట్ట మీది మచ్చ చూస్తే తెలియదు. చర్మం మీద అడ్డంగా, లోపల నిలువుగా కోసి ఉండవచ్చు. నెలలు నిండని బిడ్డనో, అడ్డం తిరిగిన బిడ్డనో తీసేటప్పుడు అలా చేయాల్సి వస్తుంది. మన దగ్గర తొలి కాన్పు పుట్టింటి ఊళ్లో జరుగుతుంది, రెండోది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో. కాగితాలు పుట్టింటి బీరువాలోనే ఉండిపోతాయి, లేదా డిశ్చార్జ్ సమ్మరీలో ఎల్‌ఎస్‌సీఎస్ (గర్భసంచి కిందిభాగంలో సిజేరియన్) అనే నాలుగక్షరాలు తప్ప ఏమీ ఉండవు. మీ ఇంట్లో సిజేరియన్ అయిన ఆడపడుచో కోడలో ఉంటే ఈ వారమే ఆ ఆసుపత్రికి వెళ్లి ఆపరేషన్ నోట్స్ నకలు అడిగి తీసుకోండి. కోత ఎక్కడ, ఎలా, ఎందుకు పెట్టారో అందులో రాసి ఉందో లేదో చూసి, ఫొటో తీసి ఆ అమ్మాయి ఫోన్‌లో పెట్టండి.