పొత్రం

ఆగస్టు 9న ఇక్కడ ప్రిటోరియాలో మాకు సెలవు. మహిళా దినం. ఆ రోజంతా ఒక నినాదం చెవిన పడుతూనే ఉంటుంది. ఆడవాళ్లను కొడితే బండను కొట్టినట్టేనని ఇంగ్లీషులో దానికి అర్థం చెబుతారు. వచ్చిన కొత్తలో నేనూ అంతే అనుకున్నాను.

జూలూ మాట్లాడే సహోద్యోగి ఒకామె భోజనాల దగ్గర నన్ను సరిదిద్దింది. అందులో ఉన్నది కొట్టడం కాదట, ముట్టుకోవడం. ఆ నినాదంలోని 'ఇంబొకొడో' ఉత్త బండ కాదు, ధాన్యం నూరే రాయి. రెండు చేతులూ బల్ల మీద ఆనించి ముందుకూ వెనక్కూ నూరి చూపించింది. పొత్రం! మా నాయనమ్మ సన్నికల్లు మీద పచ్చడి నూరిన పొత్రమే.

మన పెళ్లిళ్లలో వధువు చేత సన్నికల్లు తొక్కించి, రాయిలా స్థిరంగా ఉండమంటాం. అత్తింట్లో నిలబడమని. ఇక్కడి ఆడవాళ్లు ఆ వంటింటి రాయినే నినాదం చేసి, అప్పటి ప్రధానమంత్రి స్ట్రైడమ్‌ను పేరు పెట్టి పిలిచి మరీ చూపించారు.

అది 1956. నల్లజాతి మగవాళ్లు పాసు పుస్తకం లేకుండా ఊళ్లో తిరిగితే అరెస్టే. ఆ చట్టాన్ని ఆడవాళ్లకూ తగిలించబోయారు. పనికెళ్లిన తల్లిని దారిలో పట్టుకుపోతే ఇంట్లో చంటిబిడ్డ గతేమిటి? ఊరేగింపులు నిషేధించారు కాబట్టి ఆగస్టు 9న ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా నడిచి ప్రభుత్వ కార్యాలయాలున్న యూనియన్ బిల్డింగ్స్ చేరారు. సుమారు 20,000 మంది. చాలామంది వీపున పిల్లలు. ముందు నలుగురు: లిలియన్ న్గోయి, హెలెన్ జోసెఫ్, సోఫియా విలియమ్స్, భారతీయ మూలాలున్న రహీమా మూసా. నల్లవారు, తెల్లవారు, మనవారు ఒకే వరసలో నడవడమే ఆనాటి ప్రభుత్వానికి పెద్ద నేరం.

స్ట్రైడమ్ కలవలేదు. అర్జీల కట్టలు ఆయన గది దగ్గరే వదిలి వచ్చారు. తర్వాత ముప్పై నిమిషాలు ఆ 20,000 మందీ నోరు మెదపకుండా నిలబడ్డారు. నినాదం కంటే ఆ మౌనమే నన్ను ఎక్కువ కదిలిస్తుంది. ఆ అరగంటలో చంకబిడ్డలను ఎలా ఊరుకోబెట్టారో!

2000లో అక్కడే వాళ్లకు స్మారకం కట్టారు. అందులో ఎవరి విగ్రహమూ లేదు. నడిమధ్య ఉన్నది ఒక నూరుడు రాయి.

పాసు చట్టాలు 1986లో గాని పోలేదు. బట్టల కర్మాగారంలో మిషను కుట్టిన న్గోయి అప్పటికి ఆరేళ్ల క్రితమే కన్నుమూసింది.