విశ్వాసమా, క్రియలా? మన పల్లెలు ఎప్పుడో చెప్పిన జవాబు

ఉయ్యాలవాడ అనగానే అందరికీ నరసింహారెడ్డి గుర్తొస్తాడు. 1847లో కోవెలకుంట్లలో ఆయన్ను ఉరి తీశారు. అదే ఊరు ఇంకో మనిషినీ తలుచుకుంటుంది, బుడ్డా వెంగళరెడ్డిని. కరువు కాలంలో గంజి కాచి వేలమంది ప్రాణాలు నిలబెట్టాడు. విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం కూడా వచ్చింది. ఆయన క్రైస్తవుడు కాదు. అయినా ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టాడు. మరి సత్క్రియ అంటే అదే కదా, విశ్వాసంతో పనేముంది అని చాలామంది విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. మంచి ప్రశ్న. దానికి జవాబు మన చరిత్రలోనే ఉంది.

ముందు ఒక మాట. అన్నం పెట్టిన చేతిని నేను తక్కువ చేయను. కానీ కరువు పోయాక మాలపల్లె మాలపల్లెగానే మిగిలింది, మాదిగపల్లె మాదిగపల్లెగానే మిగిలింది. దానం ఆకలి తీరుస్తుంది. ఆ ఆకలి ఎవరి వాటాకు ఎందుకొచ్చిందో మాత్రం అడగదు.

ఇక యూరప్ సంగతి. 1517లో మార్టిన్ లూథర్ పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద తిరగబడ్డాడు. మనిషి రక్షణ పొందేది విశ్వాసం వల్లే గానీ పుణ్యకార్యాల లెక్కల వల్ల కాదన్నాడు. క్రియలు లేని విశ్వాసం చచ్చిందని చెప్పే యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. ఈ తగవు వందల ఏళ్లు నడిచింది. 1999లో గానీ లూథరన్లు, కాథలిక్కులు కలిసి ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టలేదు.

మన దగ్గర ఈ మాటల అర్థమే వేరు. లూథర్ కాలపు రైతుకు క్రియలు అంటే పుణ్యకార్యాలు. మన తాతలకు ఆ మాట వినగానే గుర్తొచ్చేది కర్మ. పోయిన జన్మలో చేసినదానికే ఈ జన్మలో చచ్చిన గొడ్డును మోస్తున్నావని చెప్పారు. పుట్టకముందే అప్పు రాసిపెట్టిన ఖాతా అది. కృప ఉచితం, నీ పాత లెక్క ఎవరూ అడగరు అన్న మాట వినబడినప్పుడు ఆ ఖాతా చిరిగిపోయింది. వెలివాడకు అది వేదాంత చర్చ కాదు, విడుదల.

1850లలోనే చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడులో ఎస్‌.పి.జి. మిషన్ స్థిరపడింది. తరువాత నంద్యాల దానికి పెద్ద కేంద్రమైంది. ఇటువైపు ఆంగ్లికన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. నల్లమల దాటి ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ.

గంజి కోసం మతం మారారని మనల్ని ఎగతాళి చేసేవాళ్లకు ఒంగోలు సంగతి చెప్పండి. 1876–78 కరువులో జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. కూలి ఇచ్చాడు గానీ కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం ముగిశాకే, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గుండ్లకమ్మ మన నల్లమలలో పుట్టిన ఏరే. ఆ జనం గంజి కేంద్రం ముందు వరుస కట్టినవాళ్లు కాదు. కూలి చేసి, కాచుకుని, తరువాత వచ్చినవాళ్లు.

విశ్వాసులయ్యాక వాళ్లు చేసిన మొదటి క్రియలేమిటి? చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు. జాతరలో డప్పు కొట్టం అన్నారు. ఆదివారం పనికి రాం అన్నారు. పెత్తందార్లు ఊరుకోలేదు. కూలి పనులు ఆపారు, నీళ్లకు అడ్డుపడ్డారు. అయినా చాలామంది నిలబడ్డారు. మన చరిత్రలో విశ్వాసపు తొలి క్రియ దానం కాదు, ధిక్కారం. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనివాడు కూడా చేయగలిగిన సత్క్రియ అది.

ఇప్పుడు యాకోబు పత్రిక మళ్లీ తీయండి. క్రియల గురించి మాట్లాడేముందు అతను ఎక్కడ మొదలుపెట్టాడో గమనించండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి కుర్చీ వేసి, మాసిన బట్టలవాడిని కింద కూర్చోమన్న సంఘాన్ని నిలదీశాడు. చివరికొచ్చేసరికి, పొలం కోసినవాళ్ల కూలి ఎగ్గొట్టిన ఆసాములను హెచ్చరించాడు. అంటే అతని దృష్టిలో క్రియ అంటే కుర్చీ, కూలి. రెండూ మన ప్రశ్నలే.

ఆ కొలబద్దతో బయటివాళ్లనే కాదు, మన సంఘాలనూ కొలవాలి. ఒకే ప్రభువు అంటూనే మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా ఎందుకున్నాయి? బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచేవాళ్లు పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి ఎందుకు ఆగిపోతున్నారు? రెడ్డి క్రైస్తవుడు, మాల క్రైస్తవుడు పక్కపక్కనే సమాధి అయ్యే తోటలు ఎన్నున్నాయి? విశ్వాసం ఒక్కటే చాలు అన్న మాట మన తాతల సంకెళ్లు తెంచింది. అదే మాట ఈరోజు ఈ ప్రశ్నలు అడగకుండా నోరు మూయించడానికి వాడుతున్నారు.

ప్రభుత్వం కూడా తన వంతు చేసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాదు. ఆంధ్రలో అతన్ని బీసీ–సిలో 1 శాతం కోటాలో పెట్టారు. కులం మాత్రం అతన్ని వదల్లేదు. 1991లో చుండూరులో నరికినవాళ్లు ఎవరి చేతిలో బైబిలుందో చూసి నరకలేదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, విశ్వాసమా క్రియలా అని వాదన పెట్టుకోకండి. ఈ ఆదివారం మీ సంఘం లెక్కల పుస్తకం అడగండి. ప్రహరీ గోడకు ఎంత, పిల్లల ఫీజులకు ఎంత, కేసుల్లో ఇరుక్కున్నవాళ్ల లాయర్లకు ఎంత? కమిటీలో ఎవరున్నారు, ఏ కులం ఆడవాళ్లున్నారు? మన విశ్వాసం బతికుందో లేదో ఆ పుస్తకమే చెబుతుంది.

జై భీమ్. వచ్చే భాగంలో నంద్యాల మిషన్ బడుల కథ.