టీబీ ఎక్స్‌రే: ఏఐ ‘నార్మల్’ అంటే సరిపోతుందా? తెలుసుకోవాల్సిన విషయాలివే..

చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే మెషీన్.. దానికి తోడు ఏఐ సాఫ్ట్‌వేర్. 2024 డిసెంబర్ 7న కేంద్రం వంద రోజుల టీబీ క్యాంపెయిన్ మొదలుపెట్టాక ఇలాంటి స్క్రీనింగ్ ఊళ్ల దాకా వస్తోంది. రేడియాలజిస్ట్ లేని పల్లెలకు ఇది పెద్ద సాయమే. కానీ ఏఐ చెప్పేది అనుమానం మాత్రమే, నిర్ధారణ కాదు.

ఎలా పనిచేస్తుంది?
వేల ఎక్స్‌రేలతో సాఫ్ట్‌వేర్‌కు ట్రైనింగ్ ఇస్తారు. కొత్త ఎక్స్‌రేలో తేడా ఉన్న చోటును గుర్తించి, టీబీ అనుమానం ఎంతో స్కోర్ ఇస్తుంది. స్కోర్ ఎక్కువుంటే కఫం పరీక్ష చేయించాలి.

ఎవరికి?
15 ఏళ్లు, ఆపై వయసు వాళ్లకు వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. చిన్నపిల్లల ఎక్స్‌రేను డాక్టరే చూడాలి.

ఎక్కడ పొరబడుతుంది?
ఎప్పుడో తగ్గిన టీబీ మచ్చను కొత్త జబ్బుగా చూపొచ్చు. గ్రంథులు, వెన్నెముకకు వచ్చే టీబీ ఛాతీ ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు.

మీరేం చేయాలి?
రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం.. వీటిలో ఏది ఉన్నా ‘నార్మల్’ రిపోర్ట్ చూసి ఊరుకోవద్దు. నరసరావుపేట, మాచర్ల, గురజాల.. ఏది దగ్గరైతే అక్కడి ప్రభుత్వాసుపత్రికి వెళ్లి కఫం పరీక్ష గురించి అడగండి. పరీక్ష, మందులు ఫ్రీ. చికిత్స తీసుకునేవారికి పోషకాహారం కోసం నెలకు రూ.1,000 బ్యాంకు ఖాతాలో వేస్తారు. సందేహాలుంటే టోల్ ఫ్రీ నంబర్ 1800-11-6666కు కాల్ చేయొచ్చు.